ఉప్పుగాలిలో డీఓ మీటరుకు ఏ డబ్బా: ఇనుమా, గ్రాఫీన్ ప్లాస్టిక్కా?

ఇసకపల్లి రైతు
మాకు నాలుగు వనామీ రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగం తగ్గించి పెంచే పెట్టె) పెట్టిన కాడి నుంచి డీఓ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది, నిలకడగా లేదు. రాత్రి రెండింటికి 4.8 ఉన్నది ఉన్నట్టుండి 1.9 చూపిస్తుంది. టార్చి పట్టుకుని పరిగెత్తితే రొయ్య అడుగునే ఉంటుంది, పైకి తేలదు, అంటే ఆక్సిజన్ నిజంగా తగ్గలేదు. మోటారు ఆపితే అంకె సర్దుకుంటుంది. ఈ టెన్షన్‌తో నిద్ర లేదు. మీటరు ఇనప డబ్బా రెండేళ్లకే తుప్పుపట్టి మూత కూడా పడటం లేదు. గ్రాఫీన్ (బాగా పల్చటి కార్బన్ రేకులు) కలిపిన ప్లాస్టిక్ డబ్బా మీటరును చెడగొట్టే విద్యుత్ తరంగాల్ని 40 డెసిబెల్స్ ఆపుతుందని అమ్మేవాళ్లు చెప్తున్నారు. కొనొచ్చా?

కావలి పాలిమర్
కొనండన్నా. మామూలు ప్లాస్టిక్‌లో కరెంటు పారదు కాబట్టి తరంగం నేరుగా దూరిపోతుంది. అందులో గ్రాఫీన్ రేకులు సరిపడా కలిపితే ఒకదానికొకటి తగిలి దారి ఏర్పడుతుంది, అప్పుడు అడ్డుకుంటుంది. 40 డెసిబెల్స్ అంటే పదివేల వంతుల్లో ఒక వంతే లోపలికి వస్తుంది. పైగా తుప్పు పట్టదు. సముద్రం పక్కన ఇనుము ఎన్నాళ్లుంటుంది?

చీమకుర్తి ప్యానెల్
ఆ 40 ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కొలిచారో ముందు అడగండి. ఇలాంటి పదార్థాల పరీక్షలు ఎక్కువగా 8.2 నుంచి 12.4 గిగాహెర్ట్జ్ మధ్య చేస్తారు, రాడార్ల వైపు సంగతి అది. వీఎఫ్‌డీ నాయిస్, అంటే అది పుట్టించే విద్యుత్ అలజడి, కొన్ని కిలోహెర్ట్జ్ దగ్గర మొదలై పదుల మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. అంత కింద, మోటారు పక్కనే ఉండే అయస్కాంత క్షేత్రాన్ని పల్చటి గ్రాఫీన్ ప్లాస్టిక్ పెద్దగా ఆపలేదు.

అసలు దొంగ వైరు మీద వస్తాడు. గ్రానైట్ కటింగ్ ఫ్యాక్టరీలో నాకూ ఇదే బాధ. డబ్బాలు మార్చి మార్చి విసిగాను. చివరికి చూస్తే మోటారు కేబుల్ షీల్డును (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు) జడలా మెలిపెట్టి ఒక్క బోల్టుకు కట్టి ఉంది. దాన్ని కోసేసి, షీల్డు చుట్టూ అంటేలా క్లాంపు వేసి రెండు చివరలా ఎర్త్ చేశాను. సెన్సర్ వైరు దూరం జరిపాను. అంకె కదల్లేదు. డబ్బా పాతదే.

కావలి పాలిమర్
ఫ్రీక్వెన్సీ మాట ఒప్పుకుంటాను, అది నేను చెప్పి ఉండాల్సింది. కానీ తుప్పుపట్టి మూత పడని డబ్బా కూడా షీల్డు కాదు కదా, సందులోంచే కారుతుంది. ఆ కోణంలో నా మాట నిలబడుతుంది. ఒక జాగ్రత్త: గ్రాఫీన్ డబ్బాకు అల్యూమినియం మూత పెట్టొద్దు, కార్బన్ తగిలిన చోట ఉప్పుతేమకు అల్యూమినియమే ముందు తినుకుపోతుంది.

చీమకుర్తి ప్యానెల్
తుప్పే సమస్యైతే 316 స్టెయిన్‌లెస్ వేయండి, నా ఓటు దానికే. ఇంకోటి, మీటరులో సిమ్ ఉంటే యాంటెన్నా బయటికి తీయాలి. సిగ్నల్ గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలదే, మంచి డబ్బా దాన్ని కూడా మింగేస్తుంది. అర్ధరాత్రి ఫోన్‌కు అలారం రాకపోతే గుంట మొత్తం పోతుంది.

ఇసకపల్లి రైతు
ఇప్పుడే వెళ్లి చూశానన్నా. సెన్సర్ వైరు, మోటారు కేబులు ఒకే పీవీసీ పైపులో పోతున్నాయి. సిమ్ కూడా ఉంది. రేపు పైపు విడదీస్తాను, డబ్బా సంగతి ఆ తర్వాత.