క్రూసిఫామ్ (ప్లస్ ఆకారపు) స్పెసిమెన్ మూల దగ్గరే చిరుగుతోంది. మధ్యలో పల్చన చేయాలా?

ప్రశ్న (ఎంటెక్ విద్యార్థి):
నమస్తే అండి. 1 మి.మీ. డీప్ డ్రాయింగ్ స్టీల్ షీట్‌ని రెండు దిశల్లో ఒకేసారి లాగి టెస్ట్ చేస్తున్నాను. ప్లస్ ఆకారం, ఆర్మ్ వెడల్పు 30 మి.మీ., మూలల్లో ఫిల్లెట్ (గుండ్రటి వంపు). మధ్యలో స్ట్రెయిన్ సరిగ్గా మొదలవకముందే ఫిల్లెట్ దగ్గర చిరిగిపోతోంది. మధ్యలో మిల్లింగ్ చేసి పల్చన చేయమంటున్నారు. మా గైడ్ సార్‌కి కావాల్సింది యీల్డ్ లోకస్, అంటే రెండు దిశల స్ట్రెస్‌లు ఏ విలువలకి చేరితే షీట్ యీల్డ్ అవుతుందో (శాశ్వతంగా సాగడం మొదలవుతుందో) చూపే గీత.

జవాబు 1 (టెస్టింగ్ ల్యాబ్ ఇంజనీర్):
యీల్డ్ లోకస్ కోసమైతే మిల్లింగ్ జోలికి వెళ్లకు బాబూ. షీట్ పై పొర చెక్కేస్తే నువ్వు కొలిచేది ఆ షీట్‌ని కాదు. పైగా పల్చని చోటు అంచు ఎక్కడో తేలక, లోడ్‌ని ఏ ఏరియాతో భాగించాలో తెలియదు.

ఆర్మ్‌లకి పొడవునా సన్నని చీలికలు పెట్టు. ఈ టెస్ట్‌కి ఉన్న ప్రమాణం ఐఎస్ఓ 16842 చెప్పే డిజైన్ ఇదే. చీలికలు లేకపోతే ఒక దిశ లోడ్‌లో కొంత పక్క ఆర్మ్‌లోకి మళ్లిపోతుంది. అవి ఉంటే పక్క ఆర్మ్ అడ్డంగా సులువుగా సాగి దారి ఇస్తుంది. అప్పుడు లోడ్‌ని ఆర్మ్ వెడల్పు, మందాల లబ్ధంతో భాగిస్తే వచ్చే స్ట్రెస్‌ని నమ్మొచ్చు. చీలిక వెడల్పు 0.2, 0.3 మి.మీ. చాలు. లేజర్‌తో కోయించు, కానీ చీలిక చివర్లు లెన్స్ పెట్టి చూడు. అక్కడ బర్ (కోసిన అంచున మిగిలే ముల్లు) గానీ గాటు గానీ ఉంటే క్రాక్ అక్కడి నుంచే పుడుతుంది.

ఇంకోటి, మీ స్టీల్ ఆర్ విలువ (లాగినప్పుడు వెడల్పులో వచ్చే స్ట్రెయిన్‌కీ, మందంలో వచ్చే స్ట్రెయిన్‌కీ నిష్పత్తి) ఎంత? 1.8 అనుకుంటే, హిల్ 1948 సూత్రం (దిశని బట్టి గుణం మారే షీట్‌కి వాడే యీల్డ్ సూత్రం) ప్రకారం సమాన లోడ్‌లో మధ్య భాగం యీల్డ్ అవ్వాలంటే ఒకే దిశలో లాగినప్పటి కంటే దాదాపు 1.18 రెట్లు స్ట్రెస్ కావాలి. అంటే ఆర్మ్‌లే ముందు యీల్డ్ అవుతాయి. చీలికలు పెట్టినా మధ్యలో వచ్చేది కొద్ది శాతం స్ట్రెయినే. యీల్డ్ లోకస్‌కి అది సరిపోతుంది.

జవాబు 2:
స్ట్రెయిన్ గేజ్‌ని నట్టనడుమ అంటించకండి. లోడ్ ఎక్కువున్న దిశలో, మధ్య నుంచి ఆర్మ్ వెడల్పుకి 0.35 రెట్ల దూరంలో పెట్టాలి. మీ 30 మి.మీ.కి 10.5 మి.మీ. వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ సార్. ఆర్ విలువ ఇంకా కొలవలేదు. పెద్ద స్ట్రెయిన్ డేటా కూడా అడిగితే ఏం చేయాలి?

జవాబు 1:
దానికి బల్జ్ టెస్ట్ (షీట్‌ని అంచుల్లో బిగించి ద్రవ ఒత్తిడితో బుడగలా ఉబ్బించేది) చెయ్యి, ప్రమాణం ఐఎస్ఓ 16808. క్రూసిఫామ్‌తో కుస్తీ వద్దు. ముందు అదే షీట్ నుంచి రోలింగ్ దిశకి 0, 45, 90 డిగ్రీల్లో మామూలు టెన్సైల్ ముక్కలు కోయించి ఆర్ విలువలు తీసుకో. ప్రతి ముక్క మీదా రోలింగ్ దిశ బాణం గీసి పంపించు. కోసేశాక ఏది ఏ దిశదో ఎవరూ చెప్పలేరు.