అప్‌డేట్: పాత సిటడెల్ కాటలాగ్ పిన్నులు తీసేశాను, బొమ్మలు కూడా దొరికాయి

పోయిన నెల అడిగాను కదా, చిన్నప్పుడు ఇంగ్లాండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉన్నప్పుడు కొన్న 80ల నాటి సిటడెల్ (ఆటల్లో వాడే చిన్న బొమ్మలు చేసే కంపెనీ) కాటలాగ్ స్టేపుల్ పిన్నులు తుప్పు పట్టి కాగితానికి మరక పాకుతోంది, ఏం చెయ్యాలి అని. మీరు చెప్పినట్టే పిన్నులు లాగకుండా వాటి కాళ్లు మెల్లిగా పైకి లేపి తీశాను, సెలోటేప్ జోలికి పోలేదు, యాసిడ్ లేని కాగితం మధ్యలో పెట్టేశాను. మధ్య పేజీ కొంచెం చిరిగింది, అంతే.

తీస్తూ తీస్తూ అక్కడే కూర్చుండిపోయానండి. టోనీ ఆక్లండ్ నల్ల ఇంకుతో గీసిన బొమ్మలు, ఒక్కో ఆర్క్‌కి (కథల్లోని ఒక రకం రాక్షసుడు) ఒక్కో మొహం, ఒకడికి పన్ను విరిగి ఉంటుంది ఒకడు పక్కోడి మీద అరుస్తుంటాడు, 1983లో వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధపు ఆట వచ్చిన తర్వాత మాకు ఇవే ప్రపంచం. నాకు కావాల్సిన గాబ్లిన్ (పొట్టి రాక్షసుడు) బొమ్మల పక్కన పెట్టుకున్న పెన్సిల్ టిక్కులు ఇంకా చెరిగిపోలేదు, నాన్నగారు కొనిపెట్టింది మాత్రం మూడే. ఇప్పటి ప్లాస్టిక్ బొమ్మలు ఎంత నీట్‌గా ఉన్నా ఆ గీతల్లో ఉన్న ప్రాణం నాకు కనబడదు.

ఆ మూడు గాబ్లిన్ బొమ్మలూ దొరికాయి! సీసం కలిసిన పాత రకం, ఓక్ చెక్క పెట్టెలో ఉండటంతో ఒకదానికి తెల్ల పొడి పట్టింది, ఓక్ నుంచి వచ్చే ఆవిరి సీసాన్ని తినేస్తుందట. ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి చేతులు బాగా కడుక్కున్నాను. ఒకడి కత్తి వంగిపోయింది, విరుగుతుందేమోనని అలాగే వదిలేశా.