శిక్షణ విమానాలు ఎందుకు కూలతాయి? అమ్మాయిని చేర్చే ముందు తెలుసుకోవాలి

అందరికీ నమస్కారం. మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. 19 ఏళ్ల మా అమ్మాయి పైలట్ అవుతానంటోంది. గోందియా దగ్గరి బిర్సీ విమానాశ్రయం కూడా చూసొచ్చాం. కానీ 2023 మార్చిలో అక్కడి నుంచి ఎగిరిన శిక్షణ విమానం బాలాఘాట్ కొండల్లో కూలి, శిక్షకుడు, ట్రైనీ ఇద్దరూ చనిపోయారు. ఆ ట్రైనీ కూడా ఆడపిల్లే. అది తలుచుకుంటే మా ఆవిడకు నిద్ర పట్టట్లేదు, నాకూ టెన్షన్‌గా ఉంది.

ఆ ప్రమాదం మీద ఊహలు వద్దండీ, పాపం వాళ్ల కుటుంబాలు ఉన్నాయి. మామూలుగా ఇలాంటివి ఎందుకు జరుగుతాయో చెప్పండి. దిగే ముందు రన్‌వే వైపు తిరిగే మలుపులో వేగం తగ్గి, ముక్కు మరీ పైకెత్తితే రెక్కలు విమానాన్ని మోయలేవని, దాన్ని స్టాల్ అంటారని చదివాను. అప్పటికి నేల కొన్ని వందల అడుగుల్లోనే ఉంటుంది, తేరుకునే ఎత్తు దొరకదు. దీన్ని గాల్లో ఎంత ఎత్తున, ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేయిస్తారు? కార్బొరేటర్ (ఇంధనాన్ని గాలితో కలిపే భాగం) ఉన్న ఇంజిన్లలో గాలి తేమగా ఉంటే 20 డిగ్రీల వేడిలోనూ దాని లోపల మంచు గడ్డకడుతుందట. మన వైపు వానాకాలంలో ఆ భయం ఉందా? ఇంధనంలో నీళ్లు, కొండల మీద మబ్బు సంగతేమిటి?

చేర్చే ముందు మేం ఏ రికార్డులు అడగాలి? ఈ రంగంలో పనిచేసినవాళ్లు, పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు దయచేసి ఉన్నదున్నట్టు చెప్పండి.