పి-క్రెబ్ బ్యాండ్ గట్టిగా వస్తోంది, జీన్ మాత్రం పలకడం లేదు

ప్రశ్న:
కణాలకు 10 మైక్రోమోలార్ ఫోర్స్‌కోలిన్ (క్రెబ్‌ను చురుకుపరిచే మందు) ఇచ్చి 20 నిమిషాలకు వెస్టర్న్ (ప్రోటీన్‌ను బ్యాండ్‌గా చూపే పరీక్ష) చేస్తే, జీన్‌లను పలికించే ప్రోటీన్ క్రెబ్‌లో సెరీన్ 133 ఫాస్ఫేట్ బ్యాండ్ (పి-క్రెబ్) స్పష్టంగా వస్తోంది. గంటకల్లా, క్రెబ్‌కు స్పందించే ఫాస్ జీన్ ఎంఆర్‌ఎన్‌ఏ కూడా బాగా పెరుగుతోంది. మాకు కావలసిన జీన్ మాత్రం కదలదు. దాని ప్రమోటర్‌లో (జీన్‌ను మొదలుపెట్టే డీఎన్‌ఏ భాగం) క్రెబ్ కూర్చునే టీజీఏసీజీటీసీఏ వరుస ఉంది, అందులోని సీజీ మిథైలేట్ అయి ఉంది (సీ మీద మిథైల్ చేరింది), క్రెబ్‌ను అదే అడ్డుకుంటోందని అనుమానం. సీరం 0.5 శాతానికి తగ్గించి, 72 గంటలు మిథైల్ తగ్గించే మందు డెసిటబిన్ 1 మైక్రోమోలార్ ఇచ్చినా మిథైలేషన్ తగ్గలేదు. డోసు పెంచాలా?

జవాబు:
పెంచకండి. తప్పు సీరం దగ్గరుంది. కొత్త డీఎన్‌ఏ పోగు తయారయ్యేటప్పుడు సైటోసిన్ బదులు డెసిటబిన్ అందులో చేరాలి. అక్కడ మిథైల్ పెట్టడానికి వచ్చిన డీఎన్‌ఎంటీ1 ఎంజైమ్ దానికే అతుక్కుపోయి, చివరికి నాశనమవుతుంది. ఆ తర్వాత విభజన జరిగిన కొద్దీ మిథైల్ పలచబడుతుంది. సీరం చాలక కణాలు జీ1లో (డీఎన్‌ఏ నకలుకు ముందు దశ) ఆగిపోతే, డీఎన్‌ఏ నకలయ్యే ఎస్ దశే రాదు, ఇక మందు చేరేది ఎక్కడ? డోసు పెంచితే డీఎన్‌ఏ దెబ్బతిని, విభజన ఇంకా మందగిస్తుంది.

ప్లేటు 30 శాతం నిండేలా కణాలు వేయండి. మర్నాటి నుంచి 10 శాతం సీరంలో 0.5 మైక్రోమోలార్ చాలు. ఈ మందు నీటిలో నిలవదు కాబట్టి మూడు రోజులూ 24 గంటలకోసారి మీడియంతో పాటు మార్చాలి. స్టాక్ డీఎంఎస్‌ఓ ద్రావకంలో చేసి, చిన్న ట్యూబుల్లో మైనస్ 80లో పెట్టండి. కరిగించింది మళ్లీ గడ్డకట్టించొద్దు. మందు తీసేశాకే రాత్రంతా సీరం తగ్గించి, పొద్దున ఫోర్స్‌కోలిన్ ఇవ్వండి. డెసిటబిన్, ఫోర్స్‌కోలిన్ రెండింటికీ మందు లేని డీఎంఎస్‌ఓ కంట్రోల్ ఉండాలి.

మరో జవాబు:
పై సలహా సరైనదే. దానికి ముందు బైసల్ఫైట్ రీడ్‌లు (మిథైల్ ఎక్కడుందో చూపే డీఎన్‌ఏ పరీక్ష ఫలితాలు) ఒకసారి చూడండి. మిథైల్ లేని సీ యురాసిల్‌గా మారి, పీసీఆర్ తర్వాత టీగా కనిపించాలి. సీజీ కాని చోట్ల కూడా సీలు మిగిలితే కన్వర్షన్ పూర్తి కాలేదని అర్థం, అలాంటప్పుడు ఆ మిథైలేషన్‌ను నమ్మలేం. డీఎన్‌ఏ రెండు పోగులూ పూర్తిగా విడిపోకపోవడం, ప్రోటీన్ మిగిలిపోవడం దీనికి మామూలు కారణాలు. ప్రైమర్లలో (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) సీజీ రాకుండా చూసుకోండి. బైసల్ఫైట్ డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది కనుక ఆంప్లికాన్ (పీసీఆర్‌లో పెంచే ముక్క) 300 బేస్‌లు దాటనివ్వకండి.

అడిగినవారు:
సీజీ కాని సీలన్నీ టీలయ్యాయి. అంటే సీరమే. మిథైల్ పోయాక కూడా జీన్ లేవకపోతే?

మొదట జవాబిచ్చినవారు:
డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్‌లు ఇంకా బిగిసి ఉండొచ్చు. డెసిటబిన్ ఆపాక, చివరి 12 నుంచి 24 గంటలు ఆ బిగువును సడలించే మందు ట్రైకోస్టాటిన్ ఎ 300 నానోమోలార్ ఇచ్చి చూడండి. దట్టంగా మిథైలేట్ అయిన ప్రమోటర్‌ను ఇది ఒక్కటే లేపడం అరుదు, అందుకే డెసిటబిన్ ముందు. ట్రైకోస్టాటిన్ మాత్రమే ఇచ్చిన ప్లేటు ఒకటి తప్పకుండా పెట్టండి. అది లేకపోతే జీన్ దేనివల్ల లేచిందో విడదీసి చెప్పలేరు.