క్వారీల జిల్లాలో వృత్తి ఆరోగ్య శాస్త్రం చదివితే ఫలితం ఉంటుందా?

సైదాపురం అమ్మాయి:
ఈ ఏడాదితో నా బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోతుంది. పర్యావరణ, వృత్తి ఆరోగ్య శాస్త్రంలో, అంటే పనిచోట దుమ్ము, రసాయనాల వల్ల ఒంటికి జరిగే హానిని కొలిచే చదువులో, ఎమ్మెస్సీ చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం ఏడాదిలో పూర్తయ్యే పారిశ్రామిక భద్రత డిప్లొమా చేసి, కృష్ణపట్నం వైపు ఉద్యోగం చూసుకోమంటున్నారు. ఏది మేలంటారు?

ముత్తుకూరు భద్రతాధికారి:
మీ ఇంట్లోవాళ్ల మాటే సబబమ్మా. 1948 ఫ్యాక్టరీల చట్టం వెయ్యి మంది పనిచేసే చోట భద్రతాధికారి ఉండాలంది. కార్మికుల భద్రత, ఆరోగ్యంపై వచ్చిన 2020 కోడ్ దాన్ని 500కు దించింది. ప్రమాదకర పరిశ్రమలకు 250, గనులకు 100. కొలువులు పెరిగేది ఇటువైపే. దుమ్ము కొలవాల్సి వస్తే యాజమాన్యాలు బయటి ల్యాబును పిలిచి నివేదిక రాయించుకుంటాయి. అంతటితో సరి.

చీమకుర్తి లెక్చరర్:
అన్నగారి లెక్క బాగుంది గానీ అది హెల్మెట్ దగ్గరే ఆగిపోయింది. బండ వచ్చి మనిషి మీద పడితే ఊరంతా చూస్తుంది. సిలికా దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ అలా కాదు, చాలాసార్లు ఏళ్లు గడిచి, కూలీ పని మానుకుని ఇంటికి చేరాక బయటపడుతుంది. దాన్ని క్షయ అనుకుని మందులు వాడించడమూ కొత్తేమీ కాదు.

మన రెండు చోట్లే చూడండి. చీమకుర్తి గెలాక్సీ నల్లరాయిని గ్రానైట్ అని అమ్ముతాం గానీ అది గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్, అంటే సిలికా ఖనిజం, చాలా తక్కువ. సైదాపురం తెల్లరాయి దాదాపు అంతా సిలికానే. ఇక్కడా అక్కడా కూలీ తలగుడ్డ నిండా దుమ్మే, హాని మాత్రం ఒకటి కాదు. ఆ తేడా తేల్చాలంటే కూలీ నడుముకు చిన్న పంపు కట్టాలి. కాలరుకు, ముక్కుకు దగ్గరగా, వడపోత కాగితం ఉన్న డబ్బీ తగిలించి షిఫ్టంతా గాలి లాగించాలి. ముతక దుమ్మును ముందే వేరుచేయడానికి సైక్లోన్ అనే చిన్న గొట్టం ఉంటుంది, ఎందుకంటే ఊపిరితిత్తుల అడుగుకు చేరేది కంటికి ఆనని సన్న దుమ్మే. తర్వాత ఆ కాగితాన్ని తూచి, సిలికా ఎంతుందో ల్యాబులో తేల్చాలి. కెమిస్ట్రీ చదివిన పిల్లకు ఇంతకంటే తగిన పని ఏముంది?

పొదిలి రైతు:
అందరూ గనుల గొడవే. మా వైపు మంచుకు తడిసిన పొగాకు కోసేటప్పుడు కూలీలకు తల తిరిగి వాంతులవుతాయి. నికోటిన్ చర్మం గుండా ఎక్కడం వల్ల అది వస్తుంది. మేమేమో పైత్యమని నిమ్మరసం ఇచ్చి గట్టు మీద కూర్చోబెడతాం. ఇది చెప్పేవాళ్లు కావాల్సిందే, కాదనను.

కానీ ఫ్లోరైడ్ సంగతి చూడండి. ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు చెడే ఫ్లోరోసిస్‌ను శాస్త్రజ్ఞులు గుర్తించి రాశారు. కనిగిరి వైపు ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. కొలిచేవాళ్లకు కొరత ఎప్పుడొచ్చిందని?

చీమకుర్తి లెక్చరర్:
మీ కోపం న్యాయమే. అయినా నీళ్లలో ఉన్నది ఫ్లోరైడని తేలకపోయి ఉంటే, రక్షిత నీరు కావాలని అడగడానికి చేతిలో ఆధారమే ఉండేది కాదు.

ముత్తుకూరు భద్రతాధికారి:
అడగడానికి ఆధారం సరే, ఈ అమ్మాయి జీతానికి ఆధారం ఏది? నలభై మంది పనిచేసే క్వారీకి కోడ్ ప్రకారం భద్రతాధికారే అక్కరలేదు. ఇక దుమ్ము నిపుణురాలిని ఎవరు పెట్టుకుంటారు?

చీమకుర్తి లెక్చరర్:
క్వారీ యజమాని పెట్టుకోడు, ఒప్పుకుంటాను. అందుకే పరిశోధన వైపు చూడమంటున్నాను. చెన్నై పోరూరులోని శ్రీరామచంద్ర సంస్థలో పర్యావరణ ఆరోగ్య ఇంజనీరింగ్ విభాగమే ఉంది. అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. సొంత జిల్లాలోనే కొలువు కావాలంటే మాత్రం అన్నగారి దారే పట్టాలి.

సైదాపురం అమ్మాయి:
చెన్నై మాకు దూరమేమీ కాదు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. అన్నగారన్న నలభై మంది క్వారీ లాంటి దాంట్లోనే మా బాబాయి డ్రిల్లింగ్ చేస్తాడు. దుమ్ము అణగడానికి నీళ్లు పోయకుండానే. లెక్చరర్ గారూ, ఆ పంపు అద్దెకు దొరుకుతుందా? ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టేలోపు ఒక్క షిఫ్టయినా కొలిచి చూడాలని ఉంది.