జీఆర్‌ఈ కోసం తొమ్మిది వందల పదాలు బట్టీ పట్టినా వెర్బల్ లేవట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నా?

పదాల_పిచ్చి:
పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. డిసెంబర్‌లో జీఆర్‌ఈ, అదే విదేశాల్లో పీజీ కోసం రాసే పరీక్ష. రెండు నెలలుగా రోజుకు పదిహేను చొప్పున, నోట్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లిష్ మాట, కుడివైపు తెలుగు అర్థం రాసుకుని చదివాను. మా తమ్ముడు నోట్‌బుక్ పట్టుకుని అడిగితే టకటకా చెప్పేస్తా. మాక్ టెస్టులో మాత్రం వెర్బల్, అంటే ఇంగ్లిష్ భాగం, 170కి 143 దాటదు. లెక్కల భాగం క్వాంట్ 164 వస్తోంది, అక్కడ టెన్షన్ లేదు. మొన్న ‘ఎనర్వేట్’ అంటే ఎనర్జీ ఇచ్చేది అనుకుని పెట్టేశా, తీరా చూస్తే నీరసం తెప్పించేదట! ఇంకో వెయ్యి పదాలు చదవాలా, పద్ధతే మార్చాలా?

వెనక_బెంచీ:
బ్రో, ఇంకో వెయ్యి వద్దు. నేనూ ఇదే చేసి 146 దగ్గర ఇరుక్కున్నా. నన్ను ముంచింది కష్టమైన మాటలు కాదు, మనకు వచ్చు అనుకున్నవే. లోన్ శాంక్షన్ అయిందంటాం కాబట్టి శాంక్షన్ అంటే మంజూరు అని ఫిక్స్ అయిపోతాం, కానీ పేపర్లో రష్యా మీద ఆంక్షలు అని చదువుతామే, అదీ శాంక్షనే. మనకు టెంపర్ అంటే కోపం, అదే క్రియగా వస్తే తీవ్రత తగ్గించడం. క్వాలిఫై అంటే పరీక్ష గట్టెక్కడమే కాదు, అన్న మాటకు ‘అయితే, కానీ’ అని షరతు పెట్టడం కూడా. ఇంకా తమాషా ఏంటంటే, మన పార్లమెంట్‌లో బిల్లు టేబుల్ చేశారంటే సభ ముందు పెట్టారని, అమెరికాలో అదే మాటకు పక్కన పెట్టేశారని అర్థం. నీ కుడివైపు కాలమ్‌లో ఒక్క అర్థమే ఉంటే ఇవన్నీ ఎక్కడ పడతాయి? అర్థం బదులు వాక్యం రాసుకో.

పంతులుగారమ్మాయి:
తమ్ముడూ, స్కూల్లో ఆహారం, విహారం, సంహారం అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని చెప్పేవారు గుర్తుందా? ఇంగ్లిష్‌లోనూ అలాగే పట్టుకో. లోక్వేషస్, ఎలొక్వెంట్, కలోక్వియల్, సొలిలొక్వీ, నాలుగింటిలోనూ ఉన్నది మాట్లాడటం అనే లాటిన్ ధాతువే. నువ్వు తప్పు పెట్టిన ఎనర్వేట్‌కి ఎనర్జీతో చుట్టరికమే లేదు, ‘నెర్వ్’ ఉంది అందులో. నరం లాగేసినట్టు అవ్వడం. ఇక మర్చిపోవు చూడు.

ఉప్పు_తక్కువైంది:
ధాతువులు మంచివే గానీ వాటినే నమ్ముకుంటే దెబ్బతింటారు. శాంగ్విన్, శాంగ్వినరీ రెండూ రక్తం నుంచే పుట్టాయి, మొదటిది ఆశాభావం, రెండోది రక్తపాతం. వాక్యం చూడకుండా ఏది ఏదో ఎలా తెలుస్తుంది? ఇంకో మాట, సీనియర్లు ఇచ్చే పాత లిస్టులు చాలావరకు వ్యతిరేక పదాలు అడిగే రోజులవి, ఆ ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇప్పుడు వెర్బల్ మొత్తం 41 నిమిషాలు, 27 ప్రశ్నలు. వాక్యంలో ఖాళీ నింపే సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు ఆప్షన్లలో ఒకే అర్థం వచ్చేలా రెండు ఎంచాలి, ఒకటి కరెక్టయి ఒకటి తప్పితే సున్నాయే, సగం మార్కు లేదు. అందుకే ఆప్షన్లు చూడకముందే ఖాళీలో నీకు తోచిన మాట, తెలుగులోనైనా సరే, వేసుకుని అప్పుడు కిందికి చూడు. నాకు దీంతోనే లేచింది.

పదాల_పిచ్చి:
అందరికీ థాంక్స్. నాలుగు రోజులుగా వాక్యాలే రాస్తున్నా. రోజుకు పదిహేను ఎక్కడ, ఆరు దాటట్లేదు. మా తమ్ముడైతే ఇక అడగనని చేతులెత్తేశాడు, వాక్యాలు చదవలేక వాడికి నోరు నొప్పట. ఆరు సరిపోతాయా?

వెనక_బెంచీ:
చాలు. కాకపోతే ఇవాళ్టి ఆరుని రేపు, మళ్లీ వారానికి, మళ్లీ నెలకి చూడాలి. నోట్‌బుక్‌లో అది కుదరదు, ఆంకీ యాప్ వేసుకో, ఏది ఎప్పుడు చూడాలో అదే గుర్తు చేస్తుంది. తమ్ముణ్ని వదిలెయ్ పాపం.