ఇది తేనెటీగా, బాంబీలియస్ మేజర్ అనే ఈగా?

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఏప్రిల్‌లో ప్రింరోజ్ పూల దగ్గర తీసిన ఫోటో ఇది. ఒళ్లంతా గోధుమరంగు బొచ్చు, ముందుకు చాచిన పొడవాటి తొండం. జాతి ఎలా తేల్చాలండీ?

జవాబు 1: ముందు రెక్కలు లెక్కపెట్టండి. తేనెటీగకు రెండు జతలు. దీనికి ఒక్కటే, రెండో జత ఉండాల్సిన చోట చివర బొడిపె ఉన్న చిన్న కాడలు (హాల్టర్లు) ఉంటాయి. బొచ్చు చాటున దాక్కుంటాయి కాబట్టి పక్కనుంచి చూడాలి. కనిపిస్తే అది ఈగే: డిప్టెరా క్రమం, బాంబీలియిడే కుటుంబం.

జవాబు 2: జాతికి రెక్కే ఆధారం. ముందంచు వైపు ముదురు గోధుమ పట్టీ, వెనక భాగం తేటగా, మధ్యలో వంకర హద్దు స్పష్టంగా ఉంటే బాంబీలియస్ మేజర్ (1758లో లినేయస్ పెట్టిన పేరు). రెక్కపై చుక్కలుంటే బాంబీలియస్ డిస్కలర్ అనే మరో జాతి. బొచ్చు రంగును నమ్మొద్దు, వెలిసిపోతుంది, రాలిపోతుంది కూడా. ఎగురుతుండగా తీస్తే పట్టీ చెదిరిపోతుంది. వాలాక పైనుంచి తీయండి.

జవాబు 3: ఆ తొండం మకరందానికే, కుట్టదు. ఆడా మగా తేల్చాలంటే నడినెత్తి చూడండి: మగదానికి కళ్లు కలిసిపోతాయి, ఆడదానికి ఎడం ఉంటుంది. ఆడదాని పొట్ట చివర ఇసుక అర కూడా ఉంటుంది. గుడ్లకు ఇసుక పట్టించి, ఆండ్రీనా అనే, నేలలో గూడు కట్టే ఒంటరి తేనెటీగల బొరియల వైపు గాల్లోంచే విసురుతుంది. ఎంత చక్కటి ఏర్పాటో!